ఇంపీరియల్ స్టౌటు: నాలుక చేయు పరీక్ష

పులుసు దింపబోవుచు గరిటె నంటిన బొట్టును అరచేత వేసికొని నాలుకకు దాకించి, "ఉప్పు చాలదు, బెల్లము మఱికొంచెము పడవలయు"నని చెప్పగలుగుటను మన యిండ్లలో నొక విద్యగా నెవ్వరు నెంచరు. అది యాడువారికి బుట్టుకతోడనే వచ్చినదని తలచి యూరకుందురు. అట్టి నాలుకనే కొలతబద్దగా జేసికొని, దానికి శిక్షణ మిచ్చి, దాని తీర్పు నంకెలలో వ్రాయించి, ఆ యంకెలనుబట్టి పీపాలకొలది సరకును అంగడికి బంపుటయో పాఱబోయుటయో నిర్ణయించు వృత్తి యొకటి పాశ్చాత్యదేశములందు గలదు. అందును మిక్కిలి కష్టమని చెప్పదగినది 'ఇంపీరియల్ స్టౌటు' అను నల్లని బీరును పరీక్షించుట. ఆ పరీక్షను గూర్చియు, ఆ పానీయపు చరిత్రలో నొక గృహిణి చేసిన పనిని గూర్చియు నిచ్చట వ్రాయదలచితిమి.

గృహిణులు చదువు పత్రికలో మద్యమును గూర్చిన వ్రాత యేల యని సోదరీమణులు కొంద ఱడుగవచ్చును. అడుగదగినదే. 1992వ సంవత్సరమున నెల్లూరుజిల్లా దూబగుంట గ్రామపు స్త్రీలు సారాదుకాణమును మూయించి మొదలిడిన యుద్యమము రాష్ట్రమంతట బ్రాకి, 1993లో సారానిషేధమునకును, 1995లో సంపూర్ణమద్యనిషేధమునకును దారితీసెను. ఆ సంపూర్ణనిషేధము 1997లో సడలింపబడినది. మగని కూలిడబ్బు సాయంకాలమునకు దుకాణముపా లగుట కన్నులార జూచిన యిల్లాలికి మద్యమునందలి రుచిభేదములు వినుట కింపుగా నుండునని మేము తలపము. మే మెవ్వరిని ద్రాగుమనుటయు లేదు. త్రాగుట వేఱు, పరీక్షించుట వేఱు. ఈ రెంటికిని దూర మెంతయో, దగ్గఱ యెంతయో, ముందు దెలియగలదు.

బీరనగా బార్లీగింజలను నానబెట్టి, మొలకలు రప్పించి, ఆరబెట్టి, వేచి, బరకగా విసరి, వేడినీళ్ళలో నూరనిచ్చి, దిగిన తియ్యని రసమును హాప్సు అను నొక తీగెపువ్వులతో మరగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టినది. ఇంట రాగులను మొలకగట్టి పిండి చేసికొనువారికి తొలిభాగము క్రొత్తగాదు. మొలకెత్తునపుడు గింజలో బుట్టు ఎంజైములు పిండిని చక్కెరగా మార్చును. రొట్టెను పొంగించు నా యీస్టే యిచ్చట నా చక్కెరను దిని మద్యసారమును బొగ్గుపులుసుగాలిని విడుచును. హాప్సుపువ్వు చేదు నిచ్చుటయే గాక, పానీయము చెడకుండ గాపాడును. ఈ గుణమును 12వ శతాబ్దముననే జర్మనీదేశపు సన్యాసిని హిల్డెగార్డు తన గ్రంథమున బేర్కొన్నది.

సామాన్యమైన బీరునందు మద్యసారము నూటికి నాలుగైదు పాళ్ళుండును. ఇంపీరియల్ స్టౌటునం దది ఎనిమిది మొదలు పండ్రెండు పాళ్ళవఱకు నుండును. కావున గింజలు ఇబ్బడిగా బోయవలయును, ఈస్టునకు బని యెక్కువ, నిలువయుంచవలసిన కాలమును ఎక్కువ. నలుపన్నచో అది యే రంగు కలిపినదియు గాదు. మాడ వేచిన గింజవలన వచ్చినది. 1817వ సంవత్సరమున డేనియల్ వీలరను నింగ్లీషువాడు కాఫీగింజలు వేచు పీపా వంటి తిరుగుడు పీపాలో మొలకగింజను 200 డిగ్రీల సెంటిగ్రేడునకు బైబడిన వేడిలో నల్లగా వేచు పద్ధతికి హక్కుపత్రము వడసెను. అంతకుముందు గోధుమవన్నె గింజలనే విరివిగా వాడెడివారు. అటుపిమ్మట పిడికెడు నల్లగింజ చాలినది. కాని కాఫీగింజలు వేచిన చేతికి దెలియును, ఒక్క నిమిషము మీఱినచో సువాసన బొగ్గువాసనగా మాఱును. అందుచేత స్టౌటునందు రెండు చేదు లుండును: మాడినగింజ చేదు, పువ్వు చేదు. ఈ రెంటిని నాలుకపై విడదీసి యేది యెంతయో చెప్పుటయే పరీక్షకులకు గల మొదటి చిక్కు.

ఇక చరిత్ర. 18వ శతాబ్దమున లండనునగరమున మూటలు మోయు కూలీలు ప్రీతితో ద్రాగుటచే 'పోర్ట'రని పేరుబడిన ముదురువన్నె బీరులో దిట్టమైనదానిని 'స్టౌటు పోర్ట'రనిరి. క్రమముగా 'స్టౌటు' అనునదే నిలిచినది. థేమ్సునది దక్షిణపుటొడ్డున సదర్కునందు 'యాంకరు' అను పెద్ద బీరుకార్ఖానా యుండెడిది. దాని యజమాని హెన్రీ థ్రేలు. ఆయన భార్య హెస్టరు. ఈమెను గూర్చి కొంత నిలిచి చెప్పవలయును. ఏలయన స్టౌటుచరిత్రలు వ్రాయువారు రష్యారాణి పేరు పెద్దయక్షరములతో వ్రాసి, ఈమె పేరును ప్రక్కకు నెట్టుదురు.

హెస్టరు 1741లో వేల్సుసీమలో బుట్టినది. లాటినుభాష నేర్చినది, కవిత్వమల్లినది. 1763లో హెన్రీ థ్రేలునకు భార్య యైనది. పండ్రెండుగురు బిడ్డలను గని, వారిలో నలుగురు కుమార్తెలను మాత్రమే పెద్దవారినిగా జూచుకొనగలిగినది. నిఘంటుకర్త శామ్యూల్ జాన్సను ఆ యింట నేండ్లతరబడి అతిథిగా నుండెను. భర్తకు లెక్కలకంటె బెద్దపేరునం దాశ మెండు. పొరుగు కార్ఖానాలవారికంటె నెక్కువ కాచవలయునని పంతము. 1772లో ఒక రసాయనప్రయోగకర్త మాటలు నమ్మి, మొలకగింజయు హాప్సుపువ్వును లేకయే బీరు చేయవచ్చునని సొమ్మంతయు నందు బోసెను. ఆ ప్రయోగము విఫలమైనది, ఆ సంవత్సరపు సరకు చెడినది, అదేకాలమున లండనులో సాహుకార్లు దివాలా యెత్తిరి. హెన్రీ దిగులుతో మూలగూర్చుండెను. అప్పుడు హెస్టరు గర్భవతి. ఆమె తన తల్లి దాచుకొన్న సొమ్ము నడిగి తెచ్చినది. ప్రయాణముచేసి స్నేహితులయొద్ద నప్పు దెచ్చినది. విడిచిపోవ సిద్ధపడిన గుమాస్తాలతో దానే మాటలాడి నిలిపినది. కార్ఖానా నిలిచినది. ఆ సెప్టెంబరున బుట్టిన శిశువు దక్కలేదు.

ఆమెకు బీరువ్యాపారమున మక్కువ యున్నదని చెప్పుట కల్ల. అది తన తలపై బడినది కావున మోసినది. 1781లో హెన్రీ మరణింపగా, ఆమెయు జాన్సనును తక్కిన నిర్వాహకులును గలిసి కార్ఖానాను 1,35,000 పౌనులకు బార్‌క్లే కుటుంబమువారికిని, పాతమేనేజరగు పెర్కిన్సునకును అమ్మిరి. బరువు దిగినదని యామె సంతసించినది. మూడేండ్లకు ఇటలీవాడగు సంగీతోపాధ్యాయుడు గాబ్రియేల్ పియొజ్జీని వివాహమాడగా, జాన్సను మొదలగు మిత్రులును, కన్నకూతుండ్రును ఆమెను విడనాడిరి. కార్ఖానాను నిలువబెట్టిన నాడు ఆమె బుద్ధిని బొగడినవారే, తన జీవితమును గూర్చి తాను నిర్ణయించుకొన్ననాడు ఆమెకు బుద్ధిలేదనిరి. ఇట్టిది లండనులోనే జరుగు వింత గాదు గదా.

ఆ కార్ఖానాలో జేసిన దిట్టమైన స్టౌటు రష్యారాణి కాథరిన్ ఆస్థానమునకు వెళ్ళుచుండెను. 1796లో చిత్రకారుడు జోసఫ్ ఫారింగ్టను తన దినచర్యలో, థ్రేలువారి కార్ఖానాది యని యొక పోర్టరును ద్రాగితినని, అది రష్యా మహారాణికై ప్రత్యేకముగా జేసినదని, ఏడేండ్లు నిలువయుండునని చెప్పిరని వ్రాసికొనెను. 'ఇంపీరియల్' అను బిరుద మట్లు వచ్చినది. ఓడప్రయాణమునకు నిలుచుటకే దానికంత బలము బెట్టిరని కొందఱందురు. ఇది మాకు సగమే నిజముగా దోచును; లండనునుండి బాల్టికు రేవులకు బ్రయాణము మనదేశపు ప్రయాణమువలె మాసములు పట్టునది గాదు. చలిదేశపు దొరలకు గాఢమైనది రుచించెననుట చాలును. తరువాతికాలమున లెకాకు అను బెల్జియమువాడు దీనిని సీసాలలో నింపించి బాల్టికు తీరమునకు బంపెడివాడు. 1869లో మునిగిన యోడనుండి అతని పేరుగల సీసాలు 1974లో సముద్రగర్భమునుండి పైకి వచ్చినవి. అంకరు కార్ఖానావారు 1955లో కరేజి కంపెనీతో గలిసిరి. ఆ పేరిటి రష్యన్ ఇంపీరియల్ స్టౌటు 1990 దశకమువఱకు వచ్చి యాగిపోయి, 2011లో మరల నొకసారి చేయబడినది. అంతలో అమెరికాలోని చిన్నకార్ఖానాలు ఈ రకమును దమదిగా జేసికొని, మఱింత నల్లగా, మఱింత ఘాటుగా జేయుచున్నవి.

ఈ విద్య మొదట నాడువారిదే. ఆంగ్లమున బీరు కాచు స్త్రీకి 'బ్రూస్ట'రను పేరు గలదు. మధ్యయుగపు టింగ్లండులో తమ కుటుంబమునకు గాచుకొన్న బీరులో మిగిలినది పొరుగువారి కమ్ముట పల్లెటూరి యిల్లాండ్ర పని. హాప్సు వచ్చినపిదప సరకు నెలలకొలది నిలువయుండ సాగెను. నిలువయున్నదానికి పెద్దపీపాలు, పెద్దపెట్టుబడి కావలయును. పెట్టుబడి యున్నచోట సంఘములు, పట్టాలు వెలయును. 1600 నాటికి లండనులో నీ వృత్తి దాదాపు పురుషుల చేతిలోనికి బోయినది. స్త్రీలకు వంటయింటి గరిటె మిగిలెను. ఇప్పుడు మరల గొందఱు ప్రవేశించుచున్నారు. ఈ వృత్తిలోని స్త్రీలకై 2007లో అమెరికాయందు 'పింక్ బూట్సు సొసైటీ' యను సంఘము వెలసినది.

మా చెల్లెలి కుమార్తె యొకతె ఇంగ్లండులో రసాయనశాస్త్రము చదివి, ఒక కార్ఖానాలో రుచిపరీక్షకురాలుగా నున్నది. మా చెల్లెలు బంధువులతో, "అమ్మాయికి ఆహారపరీక్షాశాలలో నుద్యోగ"మని చెప్పుచుండును. అబద్ధము గాదు, నిజమంతయు గాదు. పెండ్లిసంబంధములు వచ్చుచున్నవి, ఈమాట దెలిసిన నేమందురో యని యామె బెంగ. మేము అచ్చటికి బోయినపుడు ఆ పిల్ల యొక పరీక్షాదినమున మమ్ముల దనవెంట గొనిపోయినది. మేము చవిచూడలేదు, వాసనవఱకే చూచితిమి. ఆ పిల్లయు మమ్ము బలవంతపెట్టలేదు.

తెల్లని బట్ట పఱచిన బల్ల. తులిపిపువ్వువలె నడుము వెడల్పై మూతి ముడిచిన చిన్న గాజుగ్లాసులు. ఒక్కొక్కదానియందు నాలుగు చెంచాలకంటె నెక్కువ లేదు. మేము ఐసులో బెట్టిన సీసాలు వచ్చునని తలచితిమి. "చల్లనైనచో నోరు మొద్దుబాఱి చేదొక్కటే తెలియును పెద్దమ్మా. దీనిని 10, 12 డిగ్రీలలో నుంచవలయును. అప్పుడు గాని వాసన లేవదు" అని యా పిల్ల చెప్పినది. పరీక్షకుల యెదుట కాగితము లుండెను. అంతర్జాతీయముగా బోటీలలో వాడు నొక పట్టికలో మొత్తము 50 మార్కులు: వాసనకు 12, రూపమునకు 3, రుచికి 20, నోటియం దుండు ఒత్తునకు 5, మొత్తముమీది తలపునకు 10. కంటికి మూడే! పెండ్లిచూపుల కీ పట్టిక పనికివచ్చునేమో యని మాలో మేము నవ్వుకొంటిమి.

మొదట వాసన. పోసినవెంటనే చూడవలయును, లేచిన వాసనలు నిలువవు. గ్లాసును మెల్లగా ద్రిప్పి, ముక్కు దగ్గఱ జేర్చి, చిన్నచిన్న ఊపిరులు రెండుమూడు పీల్చి దూరము జేయుదురు; ఒక్కబిగిని పీల్చినచో ముక్కు అలసిపోవును. మొదటి గ్లాసును మా చేతి కిచ్చినపుడు కన్నులు మూసికొంటిమి. చిక్కని కాఫీడికాక్షను, వెనుక దాటిబెల్లము, ఇంకను వెనుక ఎండుఖర్జూరమును నీరునిచ్చిన కిస్మిస్సును. పొగచూరిన వంటయింట పండుగనాటి సందడివలె నున్నది. మద్యమని తెలియనిచో నేదో లేహ్య మనుకొందుము.

పిమ్మట రంగు. దీపమునకు అడ్డముగా బెట్టిన వెలుగు రాకూడదు. నురుగు కాఫీమీగడ రంగున నుండవలయును. అటుపిమ్మట రుచి. కొద్దిగా నోట బుచ్చుకొని నాలుకయంతట ద్రిప్పి మ్రింగుదురు. తీపి ముందా, చేదు ముందా? పండ్లరుచి యెప్పుడు వచ్చెను, ఎంతసేపుండెను? మ్రింగినపిదప నేది మిగిలెను? ద్రాక్షసారాయములు చూచువారు నోటిది యుమిసివేయుదురు; బీరుపరీక్షకులు కొంచెము మ్రింగుట వాడుక, ఏలయన కడపటి చేదు మ్రింగినగాని పూర్తిగా దెలియదందురు. మద్యసారపు వెచ్చదనము మిరియాలచారువలె గొంతు దాటిన తర్వాత దోచవలెనేగాని, నాలుకను గాల్చరాదు.

రెండవ గ్లాసు మాకును నచ్చలేదు. చల్లారిన కుంపటి వాసన. గింజ మాడినదని యా పిల్ల వ్రాసినది. మూడవదానిలో తడిసిన అట్టపెట్టె వాసన. అది గాలిసోకిన సరకు. ఈ దోషముల కన్నిటికి వేఱువేఱు కారణములు గలవు. వెన్నకాచిన వాసన యీస్టు తన పని ముగింపకముందే ఆపిరనుటకు గుర్తు. ఉడికిన మొక్కజొన్నవాసన రసమును జాలినంత మరగింపలేదని చెప్పును. సోయాపులుసు వాసన వచ్చినచో, ఈస్టు సీసాలో జచ్చి కరగినదనియో, సరకు మిక్కిలి ముదిరినదనియో తలతురు. ఇన్ని వాసనలకు ఒక భాష కావలెనని 1970 దశకమున మోర్టెన్ మైల్‌గార్డు అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు వాసనలను రుచులను ఒక చక్రముగా వర్గీకరించెను. మనయిండ్లలో 'ముక్కవాసన', 'చిరువాసన', 'అడుగంటినవాసన' యని చక్రమేమియు లేకయే చెప్పుదుము. ఆ మాటలను సేకరించినవా రెవ్వరైన నున్నారా?

నాలుగవ గ్లాసునొద్ద వివాదము పుట్టినది. బల్లకు పెద్దయగు నొక పురుషుడు దానికి 42 మార్కు లిచ్చెను. మా పిల్ల 33 ఇచ్చినది. ఆయన యాశ్చర్యపడి, "ఇంత బలమైనది, ఇంత గంభీరమైనది, ఇందేమి లోప?"మని యడిగెను. ఆ పిల్ల తలవంచుకొని, కాని గొంతు తగ్గింపక, బలము రుచి గాదనియు, మద్యసారము పచ్చిగా ముక్కు నంటుచున్నదనియు, దానివెనుక పండ్లరుచి యణగిపోయినదనియు, ఒకటి రెండేండ్లు నిలువయుంచిన బాగుపడవచ్చునుగాని తాము తీర్పు చెప్పవలసినది యీనాటి గ్లాసునకే యనియు జెప్పినది. ఆయన మరల వాసన చూచి, నోట బుచ్చుకొని, చాలసేపు మౌనముగా నుండి మూడు మార్కులు తగ్గించెను. ఈ పిల్లయు రెండు పెంచినది. పరీక్షకుల మార్కులకు నడుమ పెద్ద యెడముండరాదని నియమమట. ఇంట వంటను గూర్చి యింత విచారణ జరిగినచో నేమగునో!

నాలుక తీర్పును నమ్మవచ్చునా యను ప్రశ్నయు బాతదే. 1920 దశకమున ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయపరిశోధనశాలలో మ్యూరియల్ బ్రిస్టల్ అను శాస్త్రజ్ఞురాలు, గిన్నెలో పాలు ముందు పోసినదో టీ ముందు పోసినదో రుచిచేతనే చెప్పుదుననినది. మగవారు నవ్విరి. రొనాల్డు ఫిషరు ఎనిమిది గిన్నెలు వరుస తెలియకుండ నిచ్చి పరీక్షింపదలచెను. నాలుగింటిని ఊహచే సరిగా నేరుటకు 70లో నొక్క యవకాశమే కలదు. ఆమె యన్నిటిని సరిగా జెప్పెనని చెప్పుకొందురు. 1935లో ఫిషరు వ్రాసిన గ్రంథమున నీ పరీక్ష ప్రసిద్ధి కెక్కినదిగాని, అందామె పేరు లేదు, 'ఒక స్త్రీ' యని మాత్రమే. బీరుకార్ఖానాలును దీనికి దీసిపోలేదు. డబ్లినులోని గిన్నిసు కార్ఖానాలో బనిచేసిన గాసెట్ 1908లో కొద్ది నమూనాలనుండి నమ్మదగిన తీర్పు దీయు గణితమును వ్రాసెను. డెన్మార్కుదేశపు కార్ల్స్‌బర్గు కార్ఖానాలో 1940 దశకమున మూడుగ్లాసుల పరీక్ష వచ్చినది: రెంటిలో నొకటే సరకు, మూడవది వేఱు, వేఱైనదేదో చెప్పవలయును. రంగుచే మోసపోకుండ నల్లగాజు గ్లాసులు, ఎఱ్ఱదీపములును వాడుదురు. మా పిల్ల దినదినము జేయునది యీ పరీక్షయే. వాసనల గుర్తించుటలో స్త్రీలు కొంచెము మేలని పరిశోధనలు చూపినవి. కాని భేద మత్యల్పము. ఇది వరము గాదు, అభ్యాసము.

ఆ పిల్ల తల్లి బెంగకు మూలము వేఱొకటి కలదు. అది మాకును బెంగయే. పదిపాళ్ళ మద్యసారముగల స్టౌటును 60 మిల్లీలీటర్లు మ్రింగినచో అందు శుద్ధమైన మద్యసారము 6 మిల్లీలీటర్లు. పదినమూనాలు చూచినచో 60. బ్రిటిషువైద్యాధికారులు 2016లో చెప్పిన మితి, వారమునకు 140 మిల్లీలీటర్లు మించరాదనునది. అనగా ఒక్కపూటపనిలో వారపు మితిలో నించుమించు సగము తీఱును. అసలు ఏ కొద్దిపాటి మద్యమును ఆరోగ్యమునకు నిరపాయకరము గాదని ప్రపంచారోగ్యసంస్థ 2023 జనవరిలో స్పష్టపఱచినది. గర్భవతులు బొట్టైనను ముట్టరాదు. "చవిచూచుటయే కదా" యను మాట యిచ్చట జెల్లదు. మేము ఆ పిల్ల నీ లెక్క యడుగగా నది నవ్వక, తన పుస్తకము దీసి చూపినది. ప్రతిదినము మ్రింగినది యెంతయో వ్రాసికొనును. గొంతు దిగనక్కఱలేని పరీక్షలలో నుమిసివేయును. వారమున మూడుదినములు వాసనపరీక్షలే కోరుకొన్నది. పెండ్లియై బిడ్డ కడుపున బడినపుడు బల్లనుండి లేచి పరిశోధనాలయమున గూర్చుందునని, అప్పుడు తన స్థానము తిరిగి యిత్తురో లేదో యని తనకు సందేహమున్నదనియు జెప్పినది. ఆ సందేహమునకు మేమిచ్చిన జవాబేమియు లేదు. తల్లితో మాత్రము, వచ్చిన సంబంధములవారికి ఉద్యోగమేదియో మొదటిమాటగానే చెప్పుమంటిమి. తరువాత దెలిసి లేచిపోవువారు ముందే లేచిపోవుట మేలు.

నమూనాలకు వరుస యొకటి గలదు. తేలికైనవి ముందు, గాఢమైనవి వెనుక. నడుమ నడుమ మంచినీళ్ళు, ఉప్పులేని బిస్కత్తు. ఆనాడు కాఫీ త్రాగకూడదు, తాంబూలము వేయకూడదు, అత్తరు పూయకూడదు. పెదవులకు రంగు వేసినచో నురుగు చెడును. ఇంపీరియల్ స్టౌటు అన్నిటికంటె గడపట వచ్చును, ఏలయన దానివెనుక నేది తెచ్చినను నాలుకకు నీళ్ళవలె దోచును. అది తెచ్చుసరికి మధ్యాహ్నము రెండుగంటలు దాటినది. మా పిల్ల చివరి గ్లాసును దీపమున కెత్తి చూచి, మూడింటికి మూడు వేసి, కాగితము త్రిప్పినది.